నూనె డబ్బాకి ముక్కు

మా ముత్తుకూరులో పచ్చళ్లు పెట్టి అమ్మే మగవాడు నాకు తెలిసి మా ఆయన ఒక్కడే. అది నాకు లోపల మహా గొప్పగా ఉండేది, పైకి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. నేనేమో పవర్ ప్లాంటుకి రేకు పనులు చేసిపెట్టే షెడ్డులో డ్రాయింగులు గీస్తాను. గాలి గొట్టాలు, పొగ గొట్టాలు, వాటి మలుపులు, వాటి అతుకులు, ఇవే నా లోకం. నేను పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకి పోతే, ఆయన ఇంటి వెనక వసారాలో గూడూరు నిమ్మకాయలు ముందేసుకుని కూర్చునేవాడు. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ "ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాలు తారుమారైపోయినారు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. పచ్చడి పెట్టడం ముందు నాకే నేర్పబోయింది పాపం. నా ఉప్పూ కారం చూసి, నాకో దణ్ణం పెట్టి, కొడుక్కి నేర్పింది.

మా ఇంటి పద్ధతిలో నిమ్మకాయ పచ్చడికి తాలింపు ఉండదు. ఊరిన ముక్కల్లో కారం, మెంతిపిండి కలిపి పైన పచ్చి నువ్వులనూనె పోస్తాం, అంతే. ముక్కలు ఎవరు కోసినా ఫర్వాలేదు, కారం ఎవరు కలిపినా ఫర్వాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి నుంచి వచ్చాక ఆ చాకిరీ అంతా నా చేతే చేయించేవాడు. నూనె మాత్రం నన్ను పోయనిచ్చేవాడు కాదు. మా అత్తగారి లెక్కలో పచ్చడి ఎవరిదీ అంటే నూనె పోసినవాళ్లది. ఆయన కూడా ఆ లెక్కే పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవాడు. తర్వాత పదిహేను కిలోల డబ్బాని తొడమీద ఆనించి, అడుగు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో మూతి దగ్గర పట్టి వంచేవాడు. సన్నటి ధార, ఎక్కడా తెగకుండా, బేసిన్ చుట్టూ తిరిగేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. పని ఉన్నా నిలబడేదాన్ని.

హస్తవాసి అనే మాట డాక్టర్లకి వాడతారు గానీ, మా వీధిలో ఆయనకి వాడేవాళ్లు. "ఆయన హస్తవాసి అట్టాంటిది, సంవత్సరమైనా బూజు పట్టదు" అనేవాళ్లు. సూళ్లూరుపేట నుంచి ఒకావిడ రైలెక్కి, బస్సెక్కి సీసాల కోసం వచ్చేది. అలాంటప్పుడు ఆయన ముఖంలో పెద్ద మార్పేమీ ఉండేది కాదు. సీసా మూత ఇంకోసారి బిగించి ఇచ్చేవాడు.

ఒక వేసవి పొద్దున బ్రష్షు ఆయన చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకోబోయి, ఆయనా పడ్డాడు. నెల్లూరు ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. అక్కడి నుంచి ఇంటికి తెచ్చుకునేసరికి వంకరపోయిన మూతి సర్దుకుంది, కాలు ఈడ్చుకుంటూనే అయినా నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇంటికి వచ్చి వేళ్లు వంచేది, చాపేది. "నిదానంగా వస్తుంది అన్నా" అనేది. ఎంత నిదానంగానో ఆ పిల్లకీ తెలియదు, మాకూ తెలియదు.

అన్నం ఎడమ చేత్తో, స్పూనుతో తినేవాడు. ఎవరైనా వస్తే కంచం పక్కకి జరిపి "ఆకలి లేదు" అనేవాడు. పచ్చడి కోసం వచ్చినవాళ్లతో "ఇంక లేదులే అక్కా" అని ఒక్క ముక్క చెప్పి గోడవైపు తిరిగేవాడు. నేను పెడతాను, మీ పేరు మీదే అమ్ముదాం అంటే నన్ను ఒక చూపు చూశాడు. నాకు అప్పుడు భయమేసింది. చెయ్యి ఒక్కటే పోతే ఇద్దరం కలిసి ఈదుకొస్తాం. మనిషే మెల్లమెల్లగా మంచానికి అతుక్కుపోతుంటే నేనేం చెయ్యను? పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ని ఖాళీగా కూర్చోగా చూసిందాన్ని కాదు.

ఒకరోజు షెడ్డు నుంచి వచ్చేసరికి వెనక వసారా అంతా నూనె. డబ్బా పక్కకి పడి ఉంది, ఆయన గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు, లుంగీ నూనెలో తడిసిపోయింది. ఆయనకి దెబ్బ తగల్లేదని చూసుకున్నాక నాకు ఏడుపొచ్చింది.

"పచ్చడి మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తబాక" అన్నాడు.

సరేనన్నాను. అని, తెల్లారి షెడ్డుకి పోయి కంప్యూటర్ తెరిచి నూనె డబ్బా బొమ్మ గీయడం మొదలుపెట్టాను. మాట వినే రకం కాదు నేను.

నా ఆలోచన ఇదీ. డబ్బా బరువు, ఎత్తకూడదు. నూనె ఎగిరి పడుతుంది, పడకూడదు. ఒక్క ఎడమ చేత్తో పని జరగాలి. కాబట్టి డబ్బాని ఊగే స్టాండులో పెట్టాలి, దాని మూతికి ఒక ముక్కు తగిలించాలి. డబ్బా అయిపోతే ఆ ముక్కు ఊడదీసి కొత్త డబ్బాకి పెట్టుకునేలా ఉండాలి. మామూలుగా అయితే మన ఇళ్లల్లో స్క్రూడ్రైవర్ పెట్టి డబ్బా మీద రెండు బొక్కలు పొడుస్తారు, ఒకటి నూనె రావడానికి, ఒకటి గాలి పోవడానికి. ఆ పొడిచిన చోట రేకు లోపలికి వంగి, తుప్పు పట్టి, ధార ఎటు పడితే అటు పోతుంది. ఇన్నేళ్లు ఇన్ని గొట్టాలు గీసినదాన్ని, ఇంట్లో డబ్బాకి ఒక గొట్టం గీయాలని ఎప్పుడూ తోచలేదు చూడండి.

ముందు అట్టముక్కతో కత్తిరించి చుట్టి చూశాను. మూతి దగ్గర లావు, చివర సన్నం, మధ్యలో చిన్న వంపు. మా షెడ్డులో వెల్డింగ్ చేసే అతను నన్ను అక్కా అని పిలుస్తాడు, నేను అన్నా అని పిలుస్తాను, ఎవరు పెద్దో మేమెప్పుడూ తేల్చుకోలేదు. ఆ అట్టముక్క చూసి "ఏందక్కా, ఏనుగుకి చేస్తున్నావా?" అన్నాడు. విషయం చెప్పాక ఇంకేం అడగలేదు. మిగిలిన స్టీలు రేకులోంచి మంచి ముక్క ఏరి తెచ్చాడు. టంకం పెట్టొద్దు, అందులో సీసం ఉంటుంది, తినే వస్తువు అన్నాను. "ఆ మాత్రం నాకు తెలీదా, బావకి సీసం పెడతానా" అని అతుకులన్నీ వెల్డింగే చేశాడు.

మొదటి ముక్కులోంచి నీళ్లు పోసి చూస్తే గుటగుటమని ఎగిరి నా చీర తడిపాయి. లోపలికి గాలి పోయే దారి లేదు, నీళ్లు ఒక గుటక బయటికి రావడం, ఒక గుటక గాలి మింగడం. నా పని గాలి గొట్టాలు గీయడం, నేను గాలిని మర్చిపోయాను. వెల్డింగ్ అన్న రెండు రోజులు ఆ సంగతి షెడ్డంతా చెప్పుకున్నాడు. ముక్కు లోపల పైభాగాన ఒక సన్నని గొట్టం పెట్టి, డబ్బా అడుగుదాకా పోనిస్తే గుటగుట పోయింది.

రెండోదానికి వేరే రోగం. ధార బాగుంది, ఆపితే చివరి బొట్టు ముక్కు కింద పాకి డబ్బా మీదికి కారేది. "జలుబు చేసిందక్కా నీ ముక్కుకి" అన్నాడు అన్న. చివర రేకుని కిందికి వంచి, అంచు బాగా పలచగా అరగదీశాం. బొట్టు ఆ అంచు దగ్గర తెగి పడిపోవడం మొదలైంది. డబ్బా మూతి దగ్గర బిగింపుకి మామూలు రబ్బరు వాషర్ పెడితే నూనెకి ఉబ్బి ఊడొచ్చింది. దానికి పాత కుక్కర్ గ్యాస్కెట్ కోసి పెట్టాను. ముక్కు పక్కన పెట్టిన పిడి తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే ఊడొస్తుంది.

నేను ప్రతిరోజూ భోజనాల వేళ ఎడమ చేత్తో పోసి చూసుకునేదాన్ని. కుడి చెయ్యి వెనక పెట్టుకుని, ఆయన కూర్చునే ఎత్తులో స్టూలు వేసుకుని. ముందు వంకరగా పోయినా తర్వాత కుదిరింది. నా ఎడమ చెయ్యి అంత పనిమంతురాలని నాకే తెలియదు. అది పూర్తయిన రోజు ఎవరైనా నన్ను చూసుంటే ఏ బ్రిడ్జి కట్టానో అనుకునేవాళ్లు.

ముక్కుని పేపర్లో చుట్టి, స్టాండుతో సహా ఇంటికి తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. ఎడమ చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకు మీద బొటనవేలు రాశాడు. "బాగుంది" అన్నాడు. "నువ్వే గీసినావా?" అన్నాడు. నేను స్టాండు బిగించి, డబ్బా పెట్టి, ముక్కు తగిలించి, పోసి చూపించాను. మెచ్చుకున్నాడు కూడా. తను మాత్రం ముట్టుకోలేదు.

పోనీలే, అలవాటు కావాలి అనుకున్నాను. గూడూరు నుంచి నిమ్మకాయలు తెప్పించి, నేనే కోసి ఉప్పులో ఊరేశాను. అవి ఊరాయి. కారం, మెంతిపిండి కలిపాను. బేసిన్ తెచ్చి స్టాండు ముందు పెట్టాను. "పొయ్యండి" అన్నాను. ఆయన బేసిన్‌ని చూశాడు, ముక్కుని చూశాడు, "నువ్వే పొయ్యి" అన్నాడు.

మామూలుగా నేను ఆయన్ని మీరు అంటాను. కోపమొస్తే నోట్లోంచి నువ్వు అని వచ్చేస్తుంది. ఆ రోజు అదే వచ్చింది.

"నీకోసం నెలరోజుల నుంచి షెడ్డులో నవ్వులపాలై చేసినా. బరువెత్తక్కర్లా, వొలికేది లేదు. ఒక్క చెయ్యి చాలు. ఇంకేం కావాలి నీకు?"

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి నాకు చూపించాడు, నేనేదో ఆ చేతిని ఎప్పుడూ చూడనట్టు.

"దీంతోనా? ఈ చేత్తో పచ్చట్లో నూనె పోస్తే ఎవురు తింటారు?"

"ఎవరు చూస్తారు? వెనక వసారాలో ఎవరున్నారు?"

"నేను చూస్తా గదా" అన్నాడు.

నా చిన్నప్పుడు ఎడమ చేత్తో ఎవరికైనా గ్లాసు అందిస్తే మా అమ్మ వీపు మీద ఒక్కటేసేది. ఇప్పటికీ బస్సులో కండక్టర్‌కి డబ్బులిస్తూ, కుడి చేతిలో సంచి ఉంటే సంచి కింద పెట్టి మరీ కుడి చేత్తో ఇస్తాను. చర్చిలో కానుక వేసినా అంతే, పెళ్లిలో వడ్డించినా అంతే. ఇది నాకు ఒకరు చెప్పాల్సింది కాదు, ఒంట్లో ఇంకిపోయింది. అయినా నెలరోజులు స్టూలు వేసుకుని కూర్చుని, కుడి చెయ్యి వెనక పెట్టుకుని ఎడమ చేత్తో పోసినప్పుడు ఒక్కసారీ తట్టలేదు. షెడ్డులో పోసినవి నీళ్లు గదా. తర్వాత వాడేసిన నూనె. పచ్చడి కాదు. డ్రాయింగులో కుడి అన్నా ఎడమ అన్నా గీత ఏ పక్క ఉందనే తప్ప ఇంకే అర్థమూ లేదు. నేను డబ్బా కొలతలన్నీ తీసుకున్నాను, ఆయన్ని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆ రోజు వసారాలో డబ్బా ఎందుకు పడిపోయిందో అప్పుడు అర్థమైంది. పాత పద్ధతిలోనే, కుడి చెయ్యి మూతి దగ్గర పెట్టి వంచబోయాడు. ఆ చెయ్యి డబ్బాని ఆపలేకపోయింది.

స్పూనుతో అన్నం తినడానికి సిగ్గుపడే మనిషి, నలుగురు తినే పచ్చట్లో ఎడమ చేత్తో నూనె పోస్తాడని నేనెలా అనుకున్నాను? ఇది చాదస్తం అని ఎవరైనా అనొచ్చు. నాక్కూడా ఆ క్షణం అనాలనిపించింది. అననందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. పచ్చడి మీద ఆయనకున్న మర్యాద అది. ఆ మర్యాద ఉండబట్టే గదా ఆ పచ్చడి అట్లా ఉండేది.

ఆ బేసిన్‌లో నూనె నేను పోయలేదు. మూత పెట్టి పక్కన పెట్టాను. ఉప్పూ కారంలో ఉన్న ముక్కలు, కొన్నాళ్లు ఉంటాయి.

ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన కసరత్తు ఒకటి సాయంత్రాలు నేను చేయించేదాన్ని. ఆయన కుడి అరచెయ్యి నా అరచేతి మీద పెట్టుకుని, కిందికి నొక్కమనడం. నొక్కేవాడు. నిజానికి నొక్కేది ఏమీ ఉండేది కాదు, చెయ్యి బరువు నామీద ఆనేది, అంతే. ఆ రోజు కూడా అలాగే పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరం కోపంలోనే ఉన్నాం. నా చేతిలో ఆయన చెయ్యి మాత్రం ఉంది. ఈ బరువు చాలు గదా అనిపించింది. ఎత్తలేడు, పట్టుకోలేడు, వంచలేడు. ఆనించగలడు. ఆనిస్తే తెరుచుకునే ముక్కు చేస్తే?

మర్నాడు వెల్డింగ్ అన్నకి జరిగింది చెప్పాను. టార్చి పక్కన పెట్టేసి "నాకూ తట్టలేదక్కా" అన్నాడు. నవ్వలేదు ఈసారి.

ఊగే స్టాండు తీసేశాం. డబ్బాని పొట్టి స్టాండు మీద వాల్చి పడుకోబెట్టేలా చేశాం. ముక్కు మధ్యలో ఒక చిన్న రేకు తలుపు, దాన్ని మూసి పట్టుకునే స్ప్రింగు, పైన అరచెయ్యంత వెడల్పు మీట. మీట కుడివైపే. చెయ్యి జారిపోకుండా అంచులు కొంచెం పైకి లేపాం, చెయ్యి కోసుకోకుండా ఆ అంచులు చుట్టేశాం. స్ప్రింగు దగ్గర చాలా తంటాలు పడ్డాం. గట్టిదైతే ఆయన చేతికి తెరుచుకోదు, మెత్తదైతే నూనె ఆగదు. అన్న ఒక్కో స్ప్రింగు వేసి ఇచ్చేవాడు, నేను కళ్లు మూసుకుని మీట మీద చెయ్యి ఆనించి చూసేదాన్ని. "ఇంకా మెత్తగా కావాలి" అనేదాన్ని. ఎంత మెత్తగా అంటే కొలత ఏముంది, ఆయన చెయ్యి బరువు నా అరచేతికి తెలుసు. "ఆ కొలత డ్రాయింగులో రాయి అక్కా, ఎట్ట రాస్తావో చూస్తా" అని అన్న ఏడిపించాడు. ఆ ఒక్క కొలతా ఇప్పటికీ డ్రాయింగులో ఖాళీగానే ఉంది.

ఈసారి ఇంటికి తెచ్చి గొప్పలు చెప్పలేదు. డబ్బాకి తగిలించి, కింద ఆ ముక్కల బేసిన్ పెట్టి, ఆయన కుర్చీ పక్కకి జరిపాను. "కుడి చెయ్యి దీనిమీద పెట్టి చూడండి. వద్దనుకుంటే వద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన చాలాసేపు చూశాడు. వచ్చి కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు, పెదాలు కదిలాయి. తర్వాత ఎడమ చేత్తో తన కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, ఎత్తి, మీట మీద పెట్టాడు. ఎడమ చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నూనె వచ్చింది. మొదట లావుగా వచ్చింది. ఆయన మోచెయ్యి కొంచెం వెనక్కి లాగితే ధార సన్నబడింది. బేసిన్‌ని మాత్రం నేను తిప్పుతున్నాను, ఆయన "నిదానం, నిదానం" అంటున్నాడు. ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. ముక్కలు మునిగాయి. మునిగినా నూనె ఆగలేదు.

నేను ఆనించడం గురించే ఆలోచించాను, తియ్యడం గురించి ఆలోచించలేదు. ఆ చెయ్యి దానంతట అది పైకి లేవదు. నూనె బేసిన్ అంచుదాకా వచ్చేసింది. నేను చెయ్యి చాపాను.

"ముట్టుకోబాక" అన్నాడు.

ఎడమ చెయ్యి ఒళ్లోంచి తియ్యలేదు. పళ్లు బిగించి, భుజం మొత్తం వెనక్కి గుంజాడు. చెయ్యి మీట అంచు దాటి, ముక్కు మీదుగా జారి, కిందికి వేలాడింది. తలుపు టక్కున మూసుకుంది. బేసిన్ నిండా నూనె, వసారాలో కొంచెం నూనె, ఆయన కుడి చెయ్యి మణికట్టుదాకా నూనె. ఆయనకి రొప్పు వచ్చేసింది.

పచ్చట్లో నూనె మరీ ఎక్కువైంది. అది అమ్మడానికి పనికిరాదని ఇద్దరికీ తెలుసు. ఆయన చెయ్యి వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, వాటి మధ్య నుంచి నూనె బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది. నేను లోపలికి పోయి గుడ్డ తెచ్చి, కింద కూర్చుని, ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను.

"తుడవబాక" అన్నాడు. "ఉండనీ కాసేపు."